గోడయు దిడ్డియు: దృశ్యప్రసారము నడచిన దారి



నేను ముప్పది రెండేండ్లు తెలుగు పండితుడనుగా పాఠశాలలో పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. పంచకావ్యములు, బాలవ్యాకరణము, కొంత తర్కసంగ్రహము - ఇది నా చదువు. యంత్రశాస్త్రమున నాకు ప్రవేశము లేదు. అట్టి నేను ఈనాడు యంత్రముల నడుమ నిలిచిన గోడలను గూర్చియు, వాని ద్వారములను గూర్చియు చెప్ప బూనుటకు కారణమొకటి కలదు. ఆ కారణములో నా తప్పును కలదు. మొదట దానిని మనవి చేసి, పిమ్మట చరిత్రలోనికి వచ్చెదను.

మా గ్రామమున శ్రీరామనవమి పందిరిలో హరికథ చెప్పించుట పెద్దలనాటి ఆచారము. ఊరిబిడ్డలలో పలువురు ఇప్పుడు హైదరాబాదునను, బెంగుళూరునను, అమెరికాలోను ఉన్నారు. హరికథను తామున్న చోటనుండియే చూడవలెనని వారు కోరిరి. గ్రంథాలయపు అరుగుమీదనుండి పందిరి చక్కగా కనబడును గనుక అక్కడ కెమెరా పెట్టింత మనిరి. పెద్దలు కొందరు సందేహించిరి. "తలుపులు తెరిచిననే వెలుతురు వచ్చును, భయపడకుడు" అని సభలో గట్టిగా వాదించి వారిని ఒప్పించినవాడను నేనే.

కెమెరా బిగించుటకు వచ్చిన మనుష్యుడు, బయటివారు నేరుగా దానిని చేరుటకై ఇంటర్నెట్టు పెట్టెలో, అనగా రౌటరులో, ఒక ద్వారము తెరచెను. యంత్రముతోబాటు వచ్చిన సంకేతపదమును మార్పకయే పోయెను. ఉత్సవము ముగిసెను. పందిరి విప్పిరి. ఆ ద్వారమును మాత్రము ఎవరును మూయలేదు. మూడు నెలల పిదప అమెరికాలోనున్న నా శిష్యుడొకడు ఫోను చేసి, "మాస్టారూ, మన గ్రంథాలయం అరుగు నాకిక్కడ ఇప్పుడు కూడా కనపడుతోందండీ. అట్టపెట్టెమీద అచ్చువేసిన సంకేతపదమే ఇంకా పనిచేస్తోంది. నాకు కనపడితే ఎవరికైనా కనపడుతుంది కదా!" అనెను.

గ్రంథాలయమున కెదురుగా ఎనుబదియేండ్లు దాటిన పెద్దమ్మగారొకరి ఇల్లు కలదు. ఆమె పగలెల్ల తన అరుగుమీదనే కూర్చుండును. మధ్యాహ్నము అక్కడనే పండుకొనును. ఆ అరుగును కెమెరా చూపులోనిదే. సంగతి తెలిసి ఆమె నన్ను పిలిపించి, "ఏం నాయనా, మూణ్ణెల్లు నన్నెవరు చూశారు?" అని అడిగెను. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ఇప్పటికిని లేదు.

మరునాడు పంచాయతిలో పెద్దలు కోపించి, గ్రంథాలయమునకు వచ్చు తీగనే తీసివేయించిరి. దానితో పరీక్షల దరఖాస్తులు నింపుకొను పిల్లలకును, పింఛను వివరములు చూచుకొను వృద్ధులకును దారి మూతపడెను. నా మాట విని అన్నియు తెరచిరి. నా తప్పు చూచి అన్నియు మూసిరి. రెండింటను నష్టమే. ఈ చిక్కు ఎట్లు విడునో తెలిసికొందమని హైదరాబాదులో ఈ పనియే వృత్తిగా గల మరియొక శిష్యుని ఆశ్రయించితిని. అతడు అనేక సాయంకాలములు ఓపికతో నాకు పాఠము చెప్పెను. గురుశిష్యుల స్థానములు తారుమారైనవి. ఆ పాఠములో నాకు తెలిసినదేమనగా, మా ఊరి చిక్కు మా ఊరిలో పుట్టినది కాదు. దానికి ఏబదియేండ్లకు మించిన చరిత్ర కలదు.

1969 వ సంవత్సరము అక్టోబరు 29 వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ శాఖనుండి స్టాన్‌ఫర్డు పరిశోధనాలయమునకు తొలి సందేశమొకటి తీగమీద పోయెను. రెండక్షరములు పోగానే అవతలి యంత్రము ఆగిపోయెను. ఆ వలయమునకు ఆర్పానెట్ అని పేరు. అందున్నవారు విద్వాంసులు, పరిశోధకులు, పరిమిత సంఖ్యలోనివారు. కావున ద్వారపాలకుని అవసరము వారికి తోచలేదు. చుట్టములే యుండు పల్లెలో రాత్రులు తలుపు గడియ పెట్టని కాలమువంటిది ఆ కాలము.

ఈ వలయమున వార్త పోవు విధానమును కొంచెము తెలిసికొనవలెను. ఎంత పెద్ద వార్తయైనను చిన్నచిన్న పొట్లములుగా కట్టబడును. వీనిని ప్యాకెట్టులందురు. ప్రతి పొట్లముమీదను పంపినవాని చిరునామాయు, అందుకొనువాని చిరునామాయు ఉండును. ఇంటికి చిరునామా ఒకటియే ఐనను, ఆ ఇంటికి పెక్కు ద్వారములుండును. ఒక్కొక్క ద్వారమునకు ఒక్కొక్క అంకె. దీనిని పోర్టు అందురు. లాటిను భాషలో పోర్టా అనగా వాకిలియే. 0 మొదలు 65,535 వరకు అంకెలు కలవు. ఉత్తరములకు ఒక వాకిలి, పుటలు చదువుటకు 80 వ వాకిలి, రహస్యలిపిలో చదువుటకు 443 వ వాకిలి, పేరు చెప్పి చిరునామా కనుగొనుటకు 53 వ వాకిలి - ఇట్లు ఏర్పాటు.

పొట్లములు పంపుటకు ముఖ్యముగా రెండు పద్ధతులు కలవు. మొదటిది టి.సి.పి.; ఇది రసీదుతో పంపు రిజిస్టర్డు తపాలావంటిది. పొట్లము చేరినదని రసీదు రావలెను; రానిచో మరల పంపబడును; వరుస తప్పిన సరిదిద్దబడును. రెండవది యు.డి.పి.; ఇది కార్డుముక్కవంటిది. వేసినవాడు వేసి మరచును. పోయినది పోయినదే. యు.డి.పి. నిబంధనలు 1980 లోను, టి.సి.పి. నిబంధనలు 1981 లోను ప్రకటితమైనవి. ఆర్పానెట్ 1983 జనవరి 1 వ తేదీన ఈ మార్గమునకు మారెను.

"రసీదు లేని పద్ధతి ఎవరికి కావలెను?" అని మీరు శంకింపవచ్చును. హరికథను తలచుకొనుడు. భాగవతారు పాడుచుండగా ఒక మాట మీ చెవిని పడలేదు. "అయ్యా, ఆ మాట మరల చెప్పుడు" అని ఆయనను ఆపినచో తాళము చెడును, సభ చెడును. ఆ ఒక్క మాటను వదలి కథను అనుసరించుటయే మేలు. అప్పటికప్పుడు వినవలసిన పాటకును, చూడవలసిన దృశ్యమునకును యు.డి.పి. తగినదని శాస్త్రజ్ఞులు తలచుటకు ఇదియే హేతువు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పనియున్నది.

1988 వ సంవత్సరము నవంబరు 2 వ తేదీ రాత్రి ఆ చుట్టాల పల్లెలో దొంగ పడెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న రాబర్టు మోరిస్ అను యువకుడు, తనంతట తాను ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ప్రాకిపోవు కార్యక్రమమునొకదానిని వదలెను. అది ఒక్కొక్క యంత్రమున మరల మరల ప్రవేశించి, యంత్రము కదలలేనంత బరువయ్యెను. సుమారు ఆరువేల యంత్రములు దీనివలన స్తంభించెనని నాటి అంచనా. ఆ యువకునకు 1990 లో శిక్ష పడెను: మూడేండ్ల పర్యవేక్షణ, నాలుగువందల గంటల సంఘసేవ, పదివేల డాలర్లకు పైబడిన జరిమానా. తరువాతి కాలమున ఆయనయే మాసచూసెట్సు సాంకేతిక విద్యాలయమున ఆచార్యుడయ్యెను. తప్పు చేసినవాడు చక్కబడుట కలదని ఒక ఉపాధ్యాయుడుగా నేను సంతసించితిని. ఐనను ఆ రాత్రితో గడియ పెట్టని కాలము ముగిసెను.

అప్పటినుండి ఫైర్‌వాల్ అను మాట ప్రచారములోనికి వచ్చెను. మాటకు మాటగా చెప్పినచో అగ్నికుడ్యము. పాశ్చాత్య దేశములందు ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొనియుండును గనుక, ఒక యింట పుట్టిన మంట రెండవ యింటికి ప్రాకకుండ నడుమ కట్టు గట్టిగోడకు ఈ పేరు. తాటాకు ఇండ్ల వీథిలో వేసవిమంటను చూచినవారికి ఇట్టి గోడ విలువ వేరుగా చెప్ప నక్కరలేదు. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంటు సంస్థలో పనిచేసిన జెఫ్రీ మోగల్ 1989 లో పొట్లములను పరీక్షించి వదలు విధానమును వివరించుచు ఒక వ్యాసము ప్రకటించెను. ఈ తొలి గోడకు చదువు తక్కువ. పొట్లము పైనున్న చిరునామాను, వాకిలి అంకెను మాత్రము చూచి, తన పట్టికలో ఉన్న యెడల పొమ్మనును, లేని యెడల ఆపును. ముందు వచ్చినదెవరో, వెనుక వచ్చినదెవరో దానికి జ్ఞాపకముండదు.

1994 లో ఇజ్రాయెలు దేశపు చెక్ పాయింట్ సంస్థ జ్ఞాపకశక్తి గల గోడను అంగడికి తెచ్చెను. ఇది చదువుకొన్న ద్వారపాలకుడు. లోపలివాడు బయటకు పోవునపుడు "వీడు ఫలానావానియొద్దకు పోయెను" అని వ్రాసికొనును. అవతలివాడు జవాబు పట్టుకొని వచ్చినపుడు, "మావాడు అడిగినందుకు వచ్చినవాడవు, రమ్ము" అనును. అడుగకుండ వచ్చినవానిని వాకిటనే ఆపును. లోపలినుండి మొదలైన సంభాషణకు దారి కలదు. బయటినుండి మొదలైనదానికి లేదు. నేటికిని మన ఇండ్లలోని రౌటరులు పాటించుచున్నది ఈ సూత్రమునే.

అదే 1994 లో మరియొక ఏర్పాటు జరిగెను. ఈ వలయమునకు ఆదిలో పెట్టిన చిరునామాల సంఖ్య సుమారు 430 కోట్లు. అది చాలదని పెద్దలు ముందే గ్రహించిరి. అందుచేత ఒక ఇంటివారందరు బయటికి ఒకే చిరునామాతో కనబడు ఉపాయమును కనుగొనిరి. దానికి నాట్ అని పేరు. ఉమ్మడి కుటుంబములో పదిమందికి ఉత్తరములు పెదనాయనగారి పేరనే వచ్చి, ఆయనచేతిమీదుగా పంచబడినట్లు, రౌటరు లోపలి యంత్రములకు జవాబులు పంచును. చిరునామాలు పంచు ప్రపంచ భాండారము 2011 ఫిబ్రవరిలో నిండుకొనెను గాని, ఈ ఉపాయముచేత పని సాగుచునే యున్నది. ఐతే దీనివలన ఒక చిక్కు కలిగెను. బయటినుండి ఎవడైన వచ్చి "మీ కెమెరాను చూడవలెను" అన్నచో, ఇంటిలోని పదిటిలో ఏది కెమెరాయో పెదనాయనగారికి తెలియదు. "ఈ అంకె వాకిలికి వచ్చినవానిని నేరుగా కెమెరా గదిలోనికి పంపుము" అని ముందుగా చెప్పవలెను. మా గ్రంథాలయమున ఆ మనుష్యుడు చేసినది ఇదియే. కోట పెద్దవాకిలి మూసి, దిడ్డివాకిలి తెరచి, తాళపుచెవి దానికే వ్రేలాడగట్టి పోయెను.

ఇక దృశ్యప్రసారము కథ. దాని పుట్టుక వినోదకరమైనది. 1991 లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పండితులు కొందరు, దూరపు గదిలోని కాఫీపాత్ర నిండియున్నదో లేదో తమ బల్లయొద్దనుండియే చూచుకొనుటకై దానికెదురుగా కెమెరా పెట్టిరి. 1993 లో ఆ దృశ్యము లోకమునకంతకును కనబడునట్లు చేసిరి. 2001 ఆగస్టు 22 వ తేదీన దానిని ఆపివేయువరకు లక్షలాది జనులు ఆ కాఫీపాత్రను చూచిరి. కాఫీపాత్రకు మానమర్యాదలు లేవు గనుక ఎవరు చూచినను నష్టము లేకపోయెను.

1995 లో అమెరికాలోని సియాటిల్ నగరపు సంస్థయొకటి రియల్ ఆడియో అను సాధనమును తెచ్చెను. ఆ సెప్టెంబరు 5 వ తేదీన ఒక బేస్‌బాల్ ఆట వ్యాఖ్యానమును ఇంటర్నెట్టులో ప్రత్యక్షముగా వినిపించిరి. 1998 ఏప్రిలులో ఆర్.టి.ఎస్.పి. అను ప్రసారనియమావళి వెలువడెను. దీని మార్గము విచిత్రమైనది. "మొదలుపెట్టుము, ఆపుము" అను ఆజ్ఞలు 554 వ వాకిలినుండి పోవును. దృశ్యమును మోయు పొట్లములు మాత్రము, అప్పటికప్పుడు మాటాడుకొని నిర్ణయించుకొన్న వేరు వాకిళ్లనుండి యు.డి.పి. కార్డులుగా రావచ్చును. ద్వారపాలకుడేమి చేయును? పెండ్లిపిలుపు ఒక వాకిట ఇచ్చి, పెండ్లివారు వేరొక వాకిట దిగినచో "మీరెవరు?" అని ఆపుట అతని ధర్మమే కదా! ఆఫీసులలోను, కళాశాలలలోను బొమ్మ రాక, జనులు గోడను తిట్టిరి. గోడ కాచువారు బొమ్మను తిట్టిరి. తరువాత ఫ్లాష్ ప్రసారములు వచ్చెను. వాని వాకిలి 1935. అదియు అనేకచోట్ల మూసియుండుటచేత, ఆ ప్రసారమునే 80 వ వాకిలి పొట్లములలో చుట్టి పంపుట అలవాటయ్యెను.

ఈ వివాదము ఎట్లు తీరెనో వినుడు. ప్రసారమును ఏరువలె పంపుటకు మారు, కుండలతో పంపినచో ఏమి అని కొందరు తలపోసిరి. 2009 లో ఆపిల్ సంస్థ ప్రకటించిన విధానమున దృశ్యమును కొన్ని సెకండ్ల నిడివిగల తునుకలుగా కోయుదురు. తొలిదినములలో పదేసి సెకండ్లు. ఆ తునుకల పట్టికనొకదానిని ముందుంచెదరు. చూచువాని యంత్రము పట్టిక చదువుకొని, ఒక్కొక్క తునుకను మామూలు పుటను అడిగినట్లే అడిగి తెచ్చుకొనును. తీగ బలముగానున్న స్ఫుటమైన తునుకను, బలహీనముగానున్న మసకదానిని అడుగును. 2012 లో డాష్ అను పేరుతో ఇట్టిదే అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడెను. ఇందలి గొప్ప యేమనగా, అడుగునది లోపలివాడు; వాకిలి అందరికి తెరచియున్నదే, నేడు 443; పద్ధతి రసీదులు గల టి.సి.పి. గోడను పగులగొట్టలేదు, క్రొత్త దిడ్డి పెట్టలేదు. ద్వారపాలకుని నియమములకు లోబడి దృశ్యము లోపలికి వచ్చెను. అందుచేతనే నేడు మీ ఇంట సినిమా చూచుటకు ఎవరును రౌటరులో ఏ వాకిలియు తెరువ నక్కరలేదు.

దీనికి మూల్యము లేకపోలేదు. తునుకలు కోసి, ప్రోగుచేసి, పంచుటకు కొంత ఆలస్యమగును. ఇరువది ముప్పది సెకండ్లు వెనుకబడుట సామాన్యము. హరికథకు అది లెక్కలోనిది కాదు. ముఖాముఖి మాటాడుటకు మాత్రము పనికిరాదు. దూరదేశపు మనుమనితో తాత మాటాడునపుడు అర నిమిషము ఆలస్యమైన ప్రాణము విసుగును. అందులకై వేరు ఉపాయములు పుట్టినవి. 2003 లో ప్రకటితమైన స్టన్ అను పద్ధతిచొప్పున లోపలి యంత్రము బయటి సాక్షినొకనిని "నేను మీకు ఏ చిరునామాతో కనబడుచున్నాను?" అని అడిగి తెలిసికొని, దానిని అవతలివానికి తెలుపును. ఇరువురును లోపలినుండియే ఒకేసారి పలుకరించుకొందురు గనుక ఇరు గోడలును వారిని వదలును. అదియు సాగనిచో మధ్యవర్తి ఇంట ఇరువురును కలిసికొందురు. 2011 నుండి పెరిగిన వెబ్ ఆర్.టి.సి. విధానము వీనినే ఆధారముగా గొన్నది.

ఇప్పుడు క్లౌడ్ అను మాట మిక్కిలి వినబడుచున్నది. మేఘమని అర్థము గాని, ఆకాశమున ఏదియు లేదు. అది వేలకొలది యంత్రములు వరుసగా నిలిచిన భవనము. ఆ యంత్రములను అద్దెకిత్తురు. అమెజాన్ సంస్థ 2006 లో ఈ అద్దె వ్యాపారమునకు తెరతీసెను. 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమునను తన కేంద్రములను ప్రారంభించెను. మన బొమ్మ మేఘమునకు పోయినదనగా ఒక్కొక్కప్పుడు హైదరాబాదు చెంతకే పోయినదని అర్థము. అక్కడ అద్దెకు గొన్న యంత్రమునకును గోడ కట్టుకొనవలెను. ఆ సంస్థవారి ఏర్పాటున క్రొత్తగా కట్టిన గోడకు బయటికి పోవు దారులన్నియు తెరచియుండును; లోపలికి వచ్చు దారియొక్కటియు ఉండదు. కావలసిన వాకిలిని కావలసినవారికి మాత్రము యజమాని తానే తెరువవలెను. తెరుచుట సులభము గనుక, పని తొందరలో "ఎవరైనను రావచ్చును" అని వ్రాసి మరచువారు అక్కడను కలరు.

ఆ మరపునకు ఫలమేమో 2016 లో లోకము చూచెను. మిరాయి అను పేరుగల దుష్కార్యక్రమము ఇంటర్నెట్టున తిరుగుచు, కెమెరాలను, దృశ్యములు నిలువచేయు పెట్టెలను వెదకెను. దానియొద్దనున్న ఆయుధము అరువదికి పైగా సంకేతపదముల జాబితా మాత్రమే. అవన్నియు కర్మాగారములలో యంత్రములకు పెట్టి పంపినవి. వానిని మార్చుకొనని యజమానుల యంత్రములు లక్షలకొలదిగా దానికి లొంగెను. ఆ అక్టోబరు 21 వ తేదీన వానిలో అనేకములు ఒక్కుమ్మడిగా డిన్ అను సంస్థపై పడెను. పేరు చెప్పిన చిరునామా చూపు పని ఆ సంస్థది. అది తబ్బిబ్బు కాగా అమెరికాలో ప్రసిద్ధమైన స్థలములెన్నియో గంటలకొలది అందకపోయెను. ఎవరో ఎక్కడనో తమ కెమెరా తాళము మార్చుకొనకపోవుటవలన వేరొకని ఇల్లు మూతబడెను. మా గ్రంథాలయపు కెమెరాయు అట్టి సేనలో చేరదగిన స్థితిలోనే మూడు మాసములున్నదని విని నేను సిగ్గుపడితిని.

ఈ చరిత్ర విన్న పిమ్మట పంచాయతికి పోయి, మొదట నా తప్పు ఒప్పుకొంటిని. తరువాత ఏమి చేసితిమో చెప్పెదను. మీ ఊరను ఉపయోగపడవచ్చును. తీగను మరల పెట్టించితిమి. రౌటరులో బయటినుండి కెమెరాకు తెరచిన వాకిలిని మూసితిమి. యంత్రములు అడుగగానే రౌటరు తనంతట వాకిలి తెరుచు సదుపాయమొకటి యుండును, దానిని ఆపించితిమి. కెమెరాకును రౌటరుకును క్రొత్త సంకేతపదములు పెట్టి, కాగితముమీద వ్రాసి బీరువాలో ఉంచితిమి. కెమెరాను పిల్లలు వాడు యంత్రములతో కలియనీయక వేరు శాఖలో ఉంచితిమి. ఓరుగల్లు కోటకు మట్టిగోడ లోపల రాతిగోడ యున్నట్లు, ఒకటి పోయినను రెండవది నిలుచును. ఇక ప్రసారము: బయటివారు కెమెరాయొద్దకు వచ్చుట మానిపించి, కెమెరాయే లోపలినుండి 443 వ వాకిలిద్వారా క్లౌడునకు బొమ్మను పంపునట్లు చేసితిమి. చూచువారు అక్కడనుండి తెచ్చుకొందురు. మా గడపకు ఎవరును రారు.

మధ్యలో ఒక పొరపాటు జరిగెను. అతిజాగ్రత్తతో 443 తప్ప బయటికి పోవు వాకిళ్లన్నియు మూసితిమి. ఏదియు పనిచేయలేదు. ఒక గంట వెదకగా, పేర్లకు చిరునామాలు చెప్పు 53 వ వాకిలియు మూతబడినదని తేలెను. ఊరిలో ఇండ్లన్నియు ఉండి, ఇల్లు చూపు మనిషి లేనట్లయ్యెను. దానిని తెరువగానే బొమ్మ నడచెను. మూయువాడును తెలిసి మూయవలెనని అప్పుడు నాకు అనుభవమునకు వచ్చెను.

గోడచేత కాని పని మరియొకటి కలదు. 443 వ వాకిలినుండి పోవు పొట్లము రహస్యలిపిలో నుండును. లోపల హరికథ యున్నదో, పెద్దమ్మగారి అరుగున్నదో ద్వారపాలకునకు తెలియదు. ఏది చూపవలెను, ఏది చూపరాదు అను నిర్ణయము ఏ గోడయు చేయలేదు, మనుష్యులే చేయవలెను. అందుచేత కెమెరాను గ్రంథాలయపు అరుగుమీదనుండి తీయించి, పందిరి వేదికమీద మాత్రమే చూపు పడునట్లు వేరొక స్తంభమునకు బిగించితిమి. ఉత్సవము లేని దినములలో దాని తీగ ఊడదీసియుండవలెనని తీర్మానము వ్రాసి, పెద్దలందరు సంతకములు చేసిరి.

తీర్మానము వ్రాసిన కాగితమును తీసికొని నేనే పెద్దమ్మగారి ఇంటికి పోయి చదివి వినిపించితిని. ఆమె అంతయు విని, "మంచిది నాయనా. ఆ తీగ పీకారో లేదో రోజూ నేనే చూస్తానులే" అనెను. నాటినుండి ఆమెయే మా ద్వారపాలకురాలు. మొన్నటి నవమికి ఊరిబిడ్డలు దేశదేశములనుండి హరికథ చూచిరి. మరునాటి ఉదయమే ఆమె కఱ్ఱ పోటు వేసికొనుచు గ్రంథాలయమునకు వచ్చి, తీగ ఇంకను తీయలేదేమని నన్నడిగెను. వెంటనే పోయి తీసితిని.

పెద్దలారా! మీ ఊరను కెమెరా యున్నచో, ఈ వారములోపల దాని సంకేతపదము మార్చినదో లేదో విచారింపుడు. బయటినుండి తెరచిన వాకిలి యేదైన కలదేమో తెలిసినవారిచేత చూపించుకొనుడు.